ప్యాకింగ్ వదిన నీళ్ల సీసా

ఫ్యాక్టరీలో మా ప్యాకింగ్ ఆడపిల్లలందరికీ ఆమె వదినే. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే సూపర్‌వైజర్‌ని అడగాలని సిగ్గుపడి మేం నీళ్లే మానేశాం. నాకు మూత్రంలో మంట, జ్వరం వచ్చాయి. ఇక చచ్చిపోతానని ఏడ్చాను.

"ఏటే ఏడుపు? డాక్టరుకి సూపించి మందేసుకో. నీళ్లు తాగు, ఆపుకోకు. ముందు నుంచి ఎనక్కి కడుక్కో," అని వదిన తన సీసా చేతిలో పెట్టింది.

నేను కోలుకుని వచ్చాక, వదిన రెండు మూడు గంటలకోసారి లేచి, సూపర్‌వైజర్‌తో "దాదా, మేం ఎల్తన్నాం," అనేసి అందరినీ వెంటబెట్టుకుపోయేది. అది అడగడం కాదు, చెప్పడం.

వదిన వాళ్లాయనకి రైల్వేలో వేరే ఊరికి బదిలీ వచ్చింది. వీడ్కోలు రోజు మేమంతా ఏడుస్తుంటే సూపర్‌వైజర్ ఉపన్యాసం మొదలెట్టాడు. వదిన లేచింది.

"ఏడిసినన్ని నీళ్లు తాగండే. దాదా, మీరు సెప్తా ఉండండి, మేం ఎల్లొస్తాం."

మిగతా ఉపన్యాసం కుర్చీలే విన్నాయి.