మామ ఫోన్లో చెదిరిపోయిన పేజీ

కోవిల్‌పట్టిలో నేను సైన్సు టీచరును. వెబ్ పేజీలు చేయడం నాకు సరదా. ఎవరూ నేర్పలేదు, నేనే తంటాలు పడి నేర్చుకున్నాను. విరుదునగర్‌లో మిరపకాయల మండి నడిపే మా మేనమామ "మన అంగడికి ఒక పేజీ కావాల" అన్నప్పుడు, చుట్టాల్లో ఆ పని చేయగలిగేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

మూడు వారాలు కూర్చున్నాను. ఒక్కో రకం మిరపకాయ ఫోటో, కింద పేరు, దాని కింద ఘాటు ఎంతో. అన్ని గళ్లలోనూ ఆ పేర్లు ఒకే గీత మీద నిలబడాలని కొత్తగా వచ్చిన ఒక పద్ధతి వాడాను. వెబ్ పేజీల ప్రమాణాల్లో ఎప్పుడో రాసిపెట్టిన పద్ధతే. కానీ బ్రౌజర్లు చేసేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో ఏడాది దాన్ని పట్టించుకున్నారు. నా ల్యాప్‌టాప్‌లో చూస్తే ముచ్చటగా ఉంది.

ఆదివారం పొద్దున రైలెక్కి విరుదునగర్ వెళ్లాను. మామ తన పాత ఫోన్లో తెరిచాడు. ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పేర్లన్నీ అడుగున కుప్పపడ్డాయి.

"ఏందమ్మా ఇది, మూట విప్పి పోసినట్టుండాది?"

"తప్పు నాది కాదు మామా, మీ ఫోన్లో ఉన్న బ్రౌజర్‌ది."

"సెరి. పాప చేసింది చూడు."

పాపంటే మా పిన్ని కూతురు. కాలేజీలో చదువుతోంది. తనూ ఒకటి చేస్తోందని నాకెవరూ చెప్పలేదు. పాతకాలపు పట్టికలతో, మందపాటి గీతలతో కట్టిన పేజీ అది. మామ ఫోన్లో చక్కగా తెరుచుకుంది.

ఇంటికొచ్చి పాప పేజీని తప్పులు పట్టే సైటులో వేశాను. ముప్పై ఏడు వచ్చాయి. వెంటనే మామకు ఫోన్ చేసి చెప్పాను.

"ఉండనీలే. నా కంటికి ఒక్కటీ కనపడలా," అన్నాడు.

పాప పేజీనే పెట్టారు. చుట్టాల గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. అత్త కోయంబత్తూరు దాకా పంపింది. నేను ఒక్క ముక్క కూడా రాయలేదు. మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక టీచరు కొత్త ఫోన్ అడిగి తీసుకుని అదే పేజీ తెరిచాను. మండి ఫోన్ నంబరు కుడివైపు తెర దాటిపోయి, చివరి మూడు అంకెలు కనబడటం లేదు.

నాకు సంతోషం వేసింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఐదో రోజు పాపే ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"అక్కా, మదురై ఆయన ఎవరో నంబరు సగమే ఉండాదని మామకు చెప్పినాడంట. నా ఫోన్లో బాగానే ఉండాదే! వాళ్ల ఫోన్లో మాత్రం ఎందుకిట్లా?"

మామ ఫోన్ చూసిన ఆదివారం నుంచి నా నోట్లో నానుతున్న ప్రశ్న అది. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

"ఏడవకు. ఫైలు పంపు," అన్నాను.

ఒక్క గడి వెడల్పు మారిస్తే సరిపోయింది. ఆ తర్వాత గంటసేపు ఇద్దరం బ్రౌజర్లను తిట్టుకున్నాం. అన్ని ఫోన్లలో ఒకేలా కనబడేట్టు చేయడానికి వీళ్లకేం రోగం అని తను అంటే నవ్వొచ్చింది. నా బాధ అర్థమయ్యే మనిషి చుట్టాల్లో తనొక్కతే. ఆ తప్పు నాకు ముందే తెలుసని మాత్రం చెప్పలేకపోయాను.

"పేజీ అడుగున నీ పేరు కూడా వేస్తా అక్కా," అంది.

"వద్దులే," అన్నాను.

నిజంగానే వేయలేదు. రెండో రోజుకే, ఇంకొక్కసారి అడిగి ఉండకూడదా అని పాప మీద కోపమొచ్చింది.