పాత మాత్రలు ముందు

ఆ గోడౌన్‌లో నీటిపంపుల విడిభాగాలు ఉంటాయి. వాటి మీద ఇరవై రెండేళ్లుగా ఒకే చట్టం అమలవుతోంది: ముందొచ్చింది ముందు పోవాలి. కొత్త పెట్టె ఎంత నిగనిగలాడినా వెనక వరసలో నిలబడాల్సిందే. పాతది గడప దాటితే తప్ప దానికి ముందుకొచ్చే యోగం లేదు. ఈ చట్టాన్ని కాపాడే స్టోర్‌కీపరును ఎదురుగా అందరూ ‘సార్’ అనేవాళ్లు, వెనక ‘బీరువా’ అనేవాళ్లు. వెనక అనడంలో ఒక సౌకర్యం ఉంది. ఆయన వెనక్కి తిరగడానికి కొంత సమయం పట్టేది.

ఆయన బరువు నూట ముప్ఫై ఎనిమిది కిలోలు. గోడౌన్ నిచ్చెన మీద ‘నూట ఇరవైకి మించరాదు’ అని ఎర్రక్షరాల్లో రాసి ఉంటుంది. నిచ్చెన చేసినవాడికి ఆయన మీద సొంత కక్షలేవీ లేవు గానీ, ఆయన మాత్రం ఆ మాటను మనసుకు పట్టించుకున్నాడు. రెండేళ్లపాటు పై అరలకి వేరేవాళ్లను ఎక్కించి, కింద నిలబడి అరిచాడు. ఎక్కినవాళ్లు చేతికందిన చోట కొత్తవి పెట్టి, పాతవాటిని మూలకి తోశారు. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకరోజు పైకి చూసి, ఆయన్ని చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

“మీకు గేటు దగ్గర కుర్చీ వేయించమంటారా?”

గేటు దగ్గర పనంటే వచ్చీపోయే లారీల నంబర్లు రాసుకోవడం. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేశాడు. అంతకుముందు అలా ఎప్పుడూ జరగలేదు కాబట్టి ఇంట్లో కంగారుపడ్డారు. వారం తిరక్కుండా, బరువు తగ్గడానికి పొట్ట కోయించుకుంటానని ఆయనే అన్నాడు. ఆరోగ్యం మీద బుద్ధి పుట్టిందని, ఎన్నాళ్లుగానో ఆయన షుగరూ బీపీ చూస్తున్న డాక్టరమ్మ సంతోషించింది. ఇన్నాళ్లకు తన మాట విన్నాడని భార్య సంబరపడింది. ఆయన ఒప్పుకున్నది మాత్రం నిచ్చెన కోసం. మూడో నెల పరీక్షల తర్వాత ‘నిచ్చెన ఎక్కవచ్చు’ అని డాక్టరమ్మ కాగితం రాసిస్తే స్టోర్ తాళాలు ఆయనవే. లేకపోతే గేటే. మేనేజరుతో ఒప్పందం అదీ.

ఆపరేషన్ బాగానే జరిగింది. పొట్టలో ముప్పాతిక భాగం తీసేశారు. చూడ్డానికి వచ్చిన బావమరిది మంచం పక్కన కూర్చుని చాలాసేపు విచారించాడు.

“మిగిలింది ఎంతుంటుంది బావా?”

“అరటిపండంత అన్నారు.”

“పోనీలే. అద్దె ఇల్లు మారాం అనుకో. సామాను తగ్గించుకోవాలి, అంతే.”

“నవ్వించకురా, కుట్లు లాగుతున్నాయి.”

అరటిపండంత పొట్టకి వచ్చిన సేవకుల బలగం మాత్రం పెద్దది. పొద్దున్నే పరగడుపున పొట్టలో మంటకి గొట్టం మాత్ర. తర్వాత నమిలే విటమిన్ మాత్ర. మధ్యాహ్నం ఐరన్. దానికి రెండు గంటలు ఎడంగా కాల్షియం, అదీ రోజుకి మూడుసార్లు. ఆ రెండిటికీ మాటల్లేవు, ఒకే వేళకి లోపలికి వెళితే ఐరన్‌కి చోటు దక్కదు. వారానికోసారి బీ పన్నెండు. తిండికి ముందు అరగంట నీళ్లు తాగకూడదు, తర్వాత అరగంట తాగకూడదు, మిగతా రోజంతా గుక్కెడు గుక్కెడుగా తాగుతూనే ఉండాలి. మోకాళ్ల నొప్పికి ఇన్నేళ్లూ తోడున్న మాత్ర జోలికి ఇక జన్మలో వెళ్లకూడదు. తినడానికి పట్టే సమయం పది నిమిషాలకి దిగింది. తినకుండా కాచుకునే పని మాత్రం తెల్లారి లేచింది మొదలు పడుకునేదాకా సాగేది. నెల తిరిగేసరికి ఆయన ప్రాణం విసిగిపోయింది. ఫోన్‌లో అలారం మోగితే చాలు, ఏ మాత్రో గుర్తు రాకపోయినా నోరు దానంతటదే తెరుచుకునేది.

మందుల అర ఆయన సొంత రాజ్యం. భార్యకి అందులో ప్రవేశం లేదు. ఆమె బడిలో లెక్కల టీచరు, పిల్లలతో అరిచి అరిచి ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక ఉండదు. రోజుకి రెండు ప్రశ్నలతో సరిపెట్టుకునేది.

“వేసుకున్నారా?”

“వేసుకున్నాను.”

“అన్నీనా?”

“వరస తప్పకుండా.”

ఈ జవాబుల్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

నలభై ఐదో రోజున ఆయన గోడౌన్‌కి వెళ్లాడు. ఇరవై నాలుగు కిలోలు తగ్గాడు. చొక్కా లోపల మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది. అయితే పదకొండింటికల్లా ఒళ్లంతా చెమటలు పట్టేవి, చేతులు వణికేవి, కళ్లముందు అరలు కాస్త పక్కకి జరిగినట్టుండేవి. పాదాల్లో చీమలు పాకేవి. ఎవరికీ చెప్పలేదు. చెబితే మేనేజరు చెవిన పడుతుంది. కోత పడ్డ ఒళ్లు, నీరసం ఉండదా అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు.

మూడో నెల పరీక్షలకి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా, భోజనాల వేళ అందరూ బయటికెళ్లినప్పుడు, ఆయన నిచ్చెన దగ్గరికి వెళ్లాడు. ఎర్రక్షరాలు చదివాడు. తన బరువు ఇప్పుడు నూట ఎనిమిది. చట్టప్రకారం అర్హుడే. మొదటి మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు మీద రెండేళ్ల తర్వాత పై అర కనిపించింది. మూలకి నెట్టేసిన పాత పెట్టెలు, వాటి మీద వేలు మందాన దుమ్ము. ఒక పెట్టెని ముందుకి లాగబోయాడు. చేతికి పట్టు లేదు. చెమట కళ్లలోకి దిగింది.

స్టోర్‌లో ఆయన కింద పనిచేసే సహాయకురాలు టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేసరికి, సార్ నేల మీద కూర్చుని నిచ్చెన కాలు కావలించుకుని ఉన్నాడు. పేరు అడిగితే పార్టు నంబరు చెప్పాడు.

ఆస్పత్రిలో రక్తం చూసిన డాక్టరమ్మ చక్కెర ఎక్కించి, ఆయన తేరుకున్నాక అడిగింది.

“షుగరు మాత్ర వేసుకుంటున్నారా?”

“రోజూనండీ.”

“ఆపేయమని రాశాను కదా? బీపీది కూడా సగానికి తగ్గించాను.”

“చూశానండీ. ఆపేస్తాను.”

“ఎప్పుడు?”

“ఉన్నవి అవగానే.”

బావమరిది ఇంటికి పరుగెత్తి మందుల అరని ఫోన్‌లో ఫొటో తీసి, అందులో ఉన్నదంతా సంచిలో వేసుకొచ్చాడు. ఫొటోలో చూస్తే అది ఆదర్శ గోడౌన్. ముందొచ్చినవి ముందు వరస. ఆపరేషన్‌కి ముందు నాలుగు నెలలకి సరిపడా తెచ్చుకున్న షుగరు మాత్రలు, బీపీకి పాత పెద్ద డోసు మాత్రలు, ఎప్పటివో మామూలు విటమిన్ గోలీలు. వాటి వెనక, సీలు కూడా తియ్యకుండా, ఆపరేషన్ తర్వాత రాసిన నమిలే మాత్రలూ బీ పన్నెండూ బుద్ధిగా తమ వంతు కోసం నిలబడి ఉన్నాయి. ఐరన్, కాల్షియం మాత్రం వాడకంలో ఉన్నాయి, వాటికి ముందు పాతవి లేవు కనక.

“పంపులో పార్టు మారినా ఇంతేనండీ,” ఆయన పక్క మీంచి నెమ్మదిగా విన్నవించుకున్నాడు. “కంపెనీ పాత వాల్వు చేయడం మానేస్తుంది. మానేసిందని ఉన్నవి పారబోస్తామా? అయ్యేదాకా ఇస్తాం.”

“ఆ పంపుకి చెమట పడుతుందా?” అంది డాక్టరమ్మ.

భార్య అంతవరకు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. వచ్చి మంచం చివర కూర్చుంది. అరవలేదు.

“రోజూ అడిగాను మిమ్మల్ని.”

“చెప్పాను కదే.”

“చెప్పారు. నేనే ఏవి వేసుకున్నారని అడగలేదు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “పిల్లల్ని ‘ఎలా వచ్చింది’ అని అడుగుతాను. మిమ్మల్ని జవాబు మాత్రమే అడిగాను.”

“అక్కా, బావకి సగం మార్కులు వెయ్యి, వరస బాగుంది,” అన్నాడు బావమరిది. ఎవరూ నవ్వలేదు. అతను కూడా గట్టిగా ప్రయత్నించలేదు.

పాత స్ట్రిప్పులు డాక్టరమ్మ తన దగ్గరే ఉంచేసుకుంది. పాదాల్లో తిమ్మిరి బీ పన్నెండు తగ్గినందువల్ల అంది, ఇప్పటినుంచి సూది మందు అంది, నెమ్మదిగా తగ్గుతుందంది. ఎంత నెమ్మదిగా అన్నది అనలేదు. మూడో నెల పరీక్షలు కూడా అయ్యాక కాగితం రాసింది. దానిలో ఒకే వాక్యం: ‘మరో మూడు నెలలు నిచ్చెన ఎక్కరాదు.’ ఆయన దాన్ని రెండుసార్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బతిమాలడానికి ఓపిక లేదు. పాదం నేలకి ఆనిందో లేదో చూసుకుని నడవాల్సిన మనిషి నిచ్చెన గురించి ఏం వాదిస్తాడు?

మేనేజరు కాగితం చదివి ఫైల్లో పెట్టాడు. తాళాల గుత్తి సహాయకురాలి చేతికి వెళ్లింది. ఆమె తీసుకోవడానికి మొహమాటపడింది.

“ఏమైనా చెప్పేదుంటే చెప్పండి సార్.”

ఆయన నిచ్చెన వంక చూశాడు. ఇరవై రెండేళ్లలో చెప్పడానికి మాటలు వెతుక్కోవడం ఇదే మొదటిసారి.

“పై అర ఒకసారి చూడమ్మా. అన్నీ నేను చెప్పినట్టే చేయక్కర్లేదు.”

గేటు దగ్గర కుర్చీ ఆయన ఊహించినంత అవమానంగా లేదు, కూర్చుంటే మోకాళ్లకి హాయిగానే ఉంది. ఆ హాయే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. మొదటిరోజు పదకొండున్నరకి అలారం మోగింది. కాల్షియం బిళ్ల నోట్లో వేసుకుని, సుద్దముక్కలా పళ్లకి అంటుకుంటుంటే, ఎదురుగా ఆగిన లారీ నంబరు రాసుకున్నాడు. డ్రైవరు కిందికి దిగి చెయ్యి చాపాడు.

“ఏంటి సార్, ఒక్కరే తింటున్నారు?”

“మందు బాబూ.”

“ఎన్నాళ్లు వాడాలి?”

“బతికినన్నాళ్లూ.”

“మరి ఇక్కడెన్నాళ్లు?”

“మూడు నెలలు,” అన్నాడాయన. తర్వాత, లెక్కల టీచరు మొగుడు గనక, నిజాయితీగా సవరించుకున్నాడు. “మూడు నెలలని రాశారు. ఆ తర్వాత రక్తం చూస్తారు.”

డ్రైవరు తలూపి లారీ ఎక్కాడు. ఆయన గేటు తీశాడు.