బరకాత్ ఉస్తా ఇంజెక్షన్

మా దమియెట్టా రేవుపట్నం వడ్రంగి వీధిలో పెద్దమేస్త్రి బరకాత్‌ను అందరం ఉస్తా అంటాం. ఆయన కడుపులో ఏదీ దాగదు. ముప్పై ఏళ్లు రంపం మిషను పక్కన పనిచేసి చెవులు మందగించాయి. అందుకని తన ఒంటి సంగతులన్నీ కాఫీ కొట్టు దద్దరిల్లేలా చెబుతాడు. ఆయనకు మొలలు వచ్చిన సంగతి భార్యకంటే ముందు రేవులో పడవవాళ్లకు తెలిసింది.

"ఉస్తా, కాస్త మెల్లిగా!" అనేవాళ్లం.

"మెల్లిగానేగా చెబుతున్నా!" అని అరిచేవాడు.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. ఆయన అతికిన చెక్కల మీద కళ్లు మూసుకుని చెయ్యి రాస్తే అతుకు ఎక్కడుందో తెలియదు. ఆ చేతిని చూసి నోటిని భరించాం.

నేను చేసేది పెళ్లి మంచాలు. ఆ ఏడు బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ మొదలుపెట్టాను. పద్దెనిమిది కిలోలు పోయాయి. వాటితోపాటు మా ఆవిడ ఇన్షిరాహ్ పక్కన పడుకోవాలన్న కోరికా పోయింది. ఊరందరికీ మంచాలు చేసేవాణ్ని, నా మంచానికి మొహం చాటేసి, పని ఎక్కువుందంటూ దుకాణంలోనే పడుకోసాగాను.

ఇన్షిరాహ్ ఊరుకుంటుందా? "సన్నబడ్డావు, సోకు చేస్తున్నావు, ఇంటికి రావు. ఆ రెండోది ఎవరు? శుక్రవారంలోగా చెప్పకపోతే మా అన్నలొచ్చి నన్ను తీసుకుపోతారు."

మర్నాడు పొద్దున్నే ఉలి అడగడానికి వచ్చిన బరకాత్, ఎవరో పెళ్లికూతురి కోసం చేసిన మంచం మీద పడుకున్న నన్నూ, కిటికీలో నా ఇంజెక్షన్‌నూ చూశాడు. ఉలి సంగతే మరచి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఇక ఈ కబురు అవతలి రేవు పోర్ట్ సయీద్ దాకా వినిపిస్తుంది!

సాయంత్రం కాఫీ కొట్టులో ఆయన లేచి నిలబడ్డాడు.

"వినండ్రా! సన్నబడే ఇంజెక్షన్ తీసుకుంటున్నా. మా ఆవిడ పిలిస్తే గోడవైపు తిరిగి పడుకుంటున్నా!"

"అంతకుముందు ఎటు తిరిగేవాడివి ఉస్తా?" అన్నారెవరో. కొట్టంతా గొల్లుమంది.

"నవ్వండి, నవ్వండి! కొందరు మగాళ్లకి ఇలా అవుతుందట. మోతాదు తొందరగా పెంచినా, తిండి మరీ మానేసినా ఓపిక చచ్చి కోరిక ఉండదట. దాచుకోకుండా చెబితే దారుందన్నాడు డాక్టరు. రేపు రమ్మన్నాడు. ఒక్కణ్నే వెళ్లాలంటే సిగ్గురా వగ్దీ, తోడు రా!" అని నా వైపు తిరిగాడు.

వెళ్లాం. బరకాత్ డాక్టరు గది తలుపు తెరిచి, నన్ను లోపలికి తోసి, తాను బయట బల్ల మీద కూర్చున్నాడు.

"నిన్న మీ ఉస్తా, ఈ ఇంజెక్షన్ తీసుకుంటూ ఇంటికి పోకుండా దుకాణంలో పడుకునే ఒకడి గురించి అడిగాడు. పేరు మాత్రం చెప్పలేదు. మిగతాదంతా హాలు మొత్తం విన్నది," అన్నాడు డాక్టరు. రక్తపరీక్ష రాశాడు, మోతాదు తగ్గించాడు, వేళకు తినమన్నాడు. ముందు ఇంట్లో చెప్పమన్నాడు.

చెప్పాను. "ఈ ముక్క చెప్పలేక నెల్లాళ్లు పరాయి పెళ్లికూతురి మంచమెక్కావా?" అని ఇన్షిరాహ్ పడిపడి నవ్వింది. అన్నలకు ఫోన్ చేసి రావద్దంది.

నెల తిరిగేసరికి గాడిన పడ్డాను. ఇన్షిరాహ్ బరకాత్‌కు జిలేబీలాంటి మిఠాయి, మషబ్బక్, కిలో పంపింది. వీధివాళ్లు మాత్రం ఆయన్ని చూస్తే ఇప్పటికీ గోడవైపు తిరిగి నిలబడతారు.

మోచేతి దాకా పాకం కార్చుకుంటూ తింటున్న ఆ మనిషి పొట్టను చూశాను. పిసరంత కూడా తగ్గలేదు.

"ఉస్తా, నువ్వసలు ఆ ఇంజెక్షన్ ఎప్పుడైనా తీసుకున్నావా?"

బరకాత్ అటూ ఇటూ చూశాడు. నా చెవి దగ్గరికి వంగాడు.

"సూదంటే నాకు భయంరా," అన్నాడు, ముప్పై ఏళ్లలో మొదటిసారి, మెల్లిగా.