బాబాయిగారు మోటారు చప్పుడు విన్న రోజు

మా కింది వాటాలో చాలా ఏళ్లు అద్దెకున్న బాబాయిగారు పోయారని సోమవారం ఉదయం పిన్నిగారు ఫోన్ చేశారు. నిద్రలోనే పోయారట. ఈ మధ్య వాళ్లు అల్మాస్‌గూడలో చిన్నమ్మాయి దగ్గర ఉంటున్నారు. ఆ రోజు మా అత్తమ్మకు డయాలసిస్ వంతు. ఎల్బీనగర్ ఆసుపత్రిలో ఆమె మంచం పక్క కుర్చీలో కూర్చుని, ఇప్పుడు స్నానం చేయిస్తుంటారు, ఇప్పుడు ఎత్తుతుంటారు అనుకుంటూ గడిపాను. దూరం ఎక్కువేం కాదు. కానీ యంత్రం తిరుగుతున్నంతసేపు నేను కదలడానికి లేదు. చివరిచూపు దక్కలేదు.

ఆయన మాకు వరుసకేమీ కారు. మాది పోచంపల్లి వైపు, ఆయనది గోదావరి. వయసులో ఉన్నప్పుడు లాంచీ మీద పనిచేశారు. దిల్‌సుఖ్‌నగర్ వెనక మా కాలనీకి వస్తూ సామానుతో పాటు ఒక పాత పడవ మోటారు కూడా తెచ్చుకున్నారు. మెట్ల కింద దుప్పటి చుట్టి పెట్టేవారు. వానలకు ముందు దాన్ని నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి స్టార్ట్ చేసి, పక్కన స్టూలు మీద కళ్లు మూసుకుని కూర్చునేవారు.

“ఏందయ్యా, పాట వింటున్నవా?” అని పైనుంచి అత్తమ్మ.

“అవును అక్కయ్యగారూ. కొంచెం శ్రుతి తప్పింది.”

“చెరువు పక్కన ఉంటున్నమని మోటర్ తెచ్చినవు. ఇగ ఓడ ఎప్పుడు తెస్తవో!”

ఓడ రాలేదు గానీ, ఒక వరద తర్వాత కాలనీ వాళ్లు చందాలేసుకుని ఒక ఫైబర్ పడవ కొన్నారు. ఆ మోటారును దానికి బిగించడం ఆయన పనే అయింది. “వేగంగా పోయేటప్పుడు అన్ని మోటార్లూ మంచివేనమ్మా. నెమ్మదిగా తిరిగేటప్పుడు వినాలి” అనేవారు నాతో.

కొన్నేళ్ల కిందటి వానల్లో చెరువు మళ్లీ పొంగింది. కింది వాటా మునిగి, వాళ్లిద్దరూ మా ఇంట్లోకి వచ్చారు. మెట్లు ఒక్కొక్కటే నీళ్లలోకి పోతున్నాయి. బాల్కనీకి మేమే పెట్టించుకున్న ఇనుప గ్రిల్లు పట్టుకుని చూడడం తప్ప చేసేదేం లేదు. మా ఆయన దుకాణం దగ్గర, నీళ్లకు అవతల చిక్కుకుపోయారు. అత్తమ్మకు అప్పటికే ఒక వంతు డయాలసిస్ తప్పిపోయింది. కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజు ఆసుపత్రికి చేరకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

పడవ మా మెట్ల కమ్మీకి కట్టి ఉంది. ముంపుకు ముందే మెట్ల మీదికి ఎక్కించిన బండ్లలోంచి కాలనీ వాళ్లు తలా ఒక సీసా పెట్రోలు తీసి, తాళ్లతో దించి అందించారు. మోటారు స్టార్టయింది. గట్టిగా తిప్పితే బాగానే ఉంది. నెమ్మదించగానే వణికి, నల్లగా పొగ వదిలి ఆగిపోతోంది. ఇరుకు సందు, మునిగిన కార్లు, గేట్లు. అక్కడ నెమ్మదిగా పోకుండా కుదరదు.

“బాబాయ్, గా స్క్రూ జర తిప్పు. రేసు పెంచితే బంద్ గాదు” అన్నాడు పడవలో ఉన్న పక్కింటతను. బాబాయిగారు పెట్రోలు పైపు చూస్తుండగా తనే తిప్పేశాడు కూడా. గేరు వేయగానే పడవ ఎగిరి గోడకు కొట్టుకుంది.

“నన్ను దవాఖానకు తీస్కపోతరా, గోడకు కొట్టి చంపుతరా?” అని లోపలినుంచి అత్తమ్మ. అంత ఆయాసంలోనూ.

బాబాయిగారు స్క్రూను మళ్లీ మొదటి చోటికే తెచ్చారు. “అది ఆఖర్న చూడాల్సిందండీ. ముందు ఇది ఏం తాగుతోందో చూద్దాం.” పైపు కలిసే చోట్లు తడిమారు. గాలి పోవడం లేదు. ప్లగ్గులు విప్పారు. నల్లగా, జిడ్డుగా, చుక్కలు కారుతున్నాయి. వాసన చూసి తలెత్తారు.

“ఆయిలు ఎవరు కలిపారు?”

“నువ్వే చెప్పినవు గద, గీ మోటర్‌కు పెట్రోల్‌ల ఆయిల్ కలపాలని. నేనే కలిపిన” అన్నాడు పక్కింటతను.

“మేం గూడ కలిపి పంపినం బాబాయ్” అని ఎదురింటి బాల్కనీ. దాని పక్క బాల్కనీ కూడా. అది తెలియక చివరికి బాబాయిగారు కూడా టాంకులో కలిపారు! సాయం చేయాలనే తొందరలో కాలనీ అంతా కలిసి దానికి నూనె పట్టించింది.

ఆయన ఒక్క క్షణం నవ్వారు. తర్వాత టాంకులోంచి చాలావరకు వంచేసి, “ఏమీ కలపని పెట్రోలు పంపండి. ఉత్తది!” అని కేక పెట్టారు. ప్లగ్గులు నా చేతిలో పెట్టి, “పొయ్యి మీద కాల్చమ్మా, పొగ ఆగేదాకా. తర్వాత బ్రష్షుతో రుద్దు” అన్నారు.

వాన జల్లుకు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వంటింటి నిండా మాడిన నూనె వాసన. పట్టకారుతో ప్లగ్గు పట్టుకుని నిలబడితే హాల్లోంచి అత్తమ్మ ఊపిరి వినపడుతోంది, చిన్నదవుతూ. నా ఇంట్లో అంత ఇరుగ్గా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

మళ్లీ స్టార్ట్ చేశారు. వణికింది, సర్దుకుంది. ఆయన మాత్రం కదలలేదు.

“బాబాయిగారూ, ఆయాసం ఎక్కువైతాంది, పోదాం!” అని అరిచాను.

“తెలుసమ్మా. సందు మధ్యలో ఆగిపోతే ముందుకూ లేదు, వెనక్కీ లేదు. కాసేపు విననియ్యి.”

ఆ కాసేపూ ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. తర్వాత ఆయన తలాడించారు. అత్తమ్మను కుర్చీతో సహా దించారు. మనిషి నడిచినంత నెమ్మదిగా, గేట్ల మధ్యనుంచి, కార్ల కప్పుల పక్కనుంచి పోయాం. మోటారు ఒక్కసారి కూడా తడబడలేదు. నేను ఫోన్‌లో చెప్పి ఉంచడంతో, మెయిన్ రోడ్డు ఎత్తు మీద మా ఆయన అంబులెన్సుతో నిలబడి ఉన్నారు. రాత్రికల్లా అత్తమ్మ ఊపిరి తేలికపడింది.

సోమవారం ఆమెకు సంగతి చెప్పాను. “ఆయన పోయి నేనుంటి” అని మొహం అటు తిప్పుకుంది. ఆ వరద తర్వాత ఆమె బతికిన ప్రతి రోజులో ఆయనకు వాటా ఉంది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. చెబితే నవ్వేసేవారేమో.

ఆ రోజు అంబులెన్సు తలుపు వేసే ముందు వెనక్కి చూశాను. ఆయన మోటారు ఆపలేదు. పడవను తిప్పుకుని మళ్లీ కాలనీలోకి పోతున్నారు. సందు మొదట్లో, బాల్కనీల్లోంచి అందరూ ఒక్కసారిగా పిలవడం మొదలుపెట్టారు. ఆయన ఒక చెయ్యి పైకెత్తి, తల మోటారు వైపు వంచారు. ఒక్కో బాల్కనీ నోరు మూసుకుంది. నీళ్ల మీద ఆ చిన్న మోటారు చప్పుడొక్కటే మిగిలింది.