డెబ్బై ఏడో నామం దగ్గర

మా మందుల తయారీ ప్లాంట్‌లో రియాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్ళు ఏడాదికోసారి మూడంతస్తుల ఇనుప మెట్లు ఆగకుండా ఎక్కి చూపించాలి. పైన కంపెనీ డాక్టరు నిలబడి ఉంటాడు. ఎక్కినవాడు తన పేరు, సెక్షన్, టోకెన్ నంబరు ఒక్క ఊపిరిలో చెప్పాలి. చెప్పలేకపోతే ఆయన సంతకం పెట్టడు.

పోయిన ఏడాది ఎండాకాలంలో నా షిఫ్టు జోడీ ఆ మెట్లెక్కి పేరు చెప్పాడు, సెక్షన్ చెప్పాడు, అక్కడ ఆగిపోయాడు. రెయిలింగ్ పట్టుకుని వంగి, నోరు తెరిచి, ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఊపాడు.

"మూడు నెలల తర్వాత మళ్ళీ రండి. అప్పుడూ ఇంతే అయితే సెక్షన్‌లోంచి తీసెయ్యమని రాస్తాను," అన్నాడు డాక్టరు. గుండె పరీక్ష చేయించుకోమని ఒక చీటీ కూడా ఇచ్చాడు.

నా జోడీ నాకంటే పదేళ్ళు పెద్ద. యాభై మూడు. వాళ్ళ నాన్న గోదావరి వైపు నుంచి సర్కారు ఫ్యాక్టరీలో కొలువుకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నాది సుల్తాన్‌పూర్ పక్కన ఊరు. కిష్టారెడ్డిపేటలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ పద్నాలుగేళ్ళు ఒకే కంపెనీ బస్సెక్కాం. నాకు ఆయన అన్న, వాళ్ళావిడ వదిన. ఆయనది ఇప్పటికీ కాంట్రాక్టు ఉద్యోగమే. సెక్షన్ పోతే గేటు బయటే. ఆ వయసువాణ్ని ఈ చుట్టుపక్కల ఏ ప్లాంటూ కొత్తగా తీసుకోదు.

"పరేషాన్ గాకు అన్నా. మూడు నెల్లు సాలు, నేను నేర్పిస్త," అన్నాను బస్సులో.

"ఏం నేర్పిస్తావురా, మెట్లెక్కడమా?"

"బర్పీలు."

"అదేదో బేకరీలో సరుకులా ఉందిరా."

బర్పీలు నాకు నేర్పింది మా ప్లాంట్‌లో మంటలార్పే జట్టుకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒక రిటైర్డు జవాను. నిలబడినవాడు గొంతుక్కూర్చుని చేతులు నేలకానించాలి, కాళ్ళు వెనక్కి చాపాలి, ఛాతీ నేలకు తాకించాలి, మళ్ళీ లేచి కాళ్ళు దగ్గరికి లాక్కుని నిలబడి చిన్న గెంతు గెంతాలి. పదో ఇరవయ్యో గబగబా చేసి కూలబడితే లాభం లేదని ఆయన అనేవాడు. "జోర్ సే నహీ, దేర్ తక్," అనేవాడు. బలం కొద్దీ కాదు, చాలాసేపు. అప్పుడే దమ్ము పెరుగుతుంది. చేస్తున్నంతసేపూ మాట్లాడగలగాలి. మాట తెగిందంటే ఆగిపోవాలి.

ఆ నియమం నాకు నచ్చడానికి వేరే కారణం ఉంది. నాకు అక్షరాలకన్నా ముందు నామాలు వచ్చాయి. ఊరి భజన బృందంలో పెరిగాను, తరువాత ఒక గురువుగారి దగ్గర పన్నెండేళ్ళు శాస్త్రం విన్నాను. శనివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సత్సంగం జరుగుతుంది. నామాలు చదివేది నేనే. నామం మధ్యలో ఊపిరి తెగకూడదని మా గురువుగారు, మాట మధ్యలో ఊపిరి తెగకూడదని ఆ జవాను. రెండూ ఒకటే అనిపించింది. అందుకని అంకెలు మానేసి, ఒక్కో బర్పీకి ఆంజనేయస్వామి అష్టోత్తరంలో ఒక్కో నామం చెప్పుకుంటూ చేసేవాణ్ని. నేలకు ఛాతీ ఆనించినప్పుడు అది సాష్టాంగ నమస్కారమే కదా.

అన్నకూ అలాగే నేర్పాను. మొదటిరోజు పొద్దున మేడ మీద తొమ్మిది నామాలకు ట్యాంకు పక్కన కూలబడ్డాడు. చొక్కా పిండుకుంటూ నవ్వాడు.

"స్వామికి ఇంత చెమట కంపు పూజ ఎవడూ చేసుండడురా."

"నామం తెగిందన్నా. ఆగు. నువ్వు ఉరుకుతున్నవ్. జెర మెల్లగ."

మెల్లగానే చేశాడు. నామం పూర్తిగా పలికేదాకా తరువాతి దానికి వంగేవాడు కాదు. పదిహేను, ఇరవై రెండు, నలభై. షిఫ్టు మారినా మానలేదు. రెండో నెల చివరికి నూట ఎనిమిదీ ముప్పావుగంటలో ముగించాడు. ఆ రోజు పైనుంచి వదినను కేకేసి మరీ చెప్పాడు. ప్లాంట్‌లో మెట్ల మీద నన్ను దాటి పోయి, పైనుంచి తన టోకెన్ నంబరు అరిచి వినిపించేవాడు.

గుండె పరీక్ష మాత్రం చేయించుకోలేదు. చీటీ స్వామి పటం వెనక పెట్టాడు. "ముందు మెట్ల గండం గట్టెక్కనీరా. ఇప్పుడు వెళ్తే అందులో ఏదైనా బయటపడితే, అసలు మెట్ల దాకా రానివ్వరు," అన్నాడు. నేను సరేనన్నాను. ఒకసారి ఎడమ భుజం లాగుతోందన్నాడు. చేతుల మీద బరువు పడుతోంది, అంతే అన్నాను. అన్నది నేనే.

సోమవారం పరీక్ష. దానికి ముందు శనివారం, సత్సంగంలో స్వామి ముందు నూట ఎనిమిదీ చేస్తానని మొక్కుకున్నాడు. కార్లు బయటపెట్టి సెల్లార్ కడిగాం. పటం ముందు దుప్పటి పరిచాం. నలభైమంది దాకా కూర్చున్నారు. అన్న తన గొంతుతో నామం చెప్పుకుంటూ మొదలుపెట్టాడు. మేడ మీద లాగే, ఒక నామం, ఒక నమస్కారం, నిలబడి ఒక ఊపిరి.

ముప్పై అయ్యేసరికి జనం కదలడం మొదలైంది. పిల్లలు లేచి తిరుగుతున్నారు. ప్రసాదం వండి తెచ్చిన రెండో అంతస్తు పెద్దమ్మ గట్టిగానే అంది.

"ఏంది బిడ్డా, గిట్లయితే హారతి రేపు పొద్దుగాల ఇయ్యాలె. పొంగలి సల్లారిపాయె."

అందరూ నవ్వారు. అన్నా నవ్వాడు. అప్పుడు నేను మైకు తీసుకున్నాను.

"అన్నా, నామాలు నేను జదువుత. నువ్వు దండం పెట్టు, సాలు."

అలా ఆయన నోట్లోంచి నామం తీసేసుకున్నాను. ఊపిరి ఎక్కడ తెగుతోందో తెలిపే గుర్తు అదొక్కటే. మూడు నెలలు ఆయనకు దాన్నే కాపలాగా పెట్టుకోమని నేర్పి, నలభైమంది ముందు నేనే తీసేశాను.

నేను చదువుతుంటే అందరూ "నమః" అని అందుకున్నారు. తాళాలు కలిశాయి. భజనలో పెరిగినవాడికి తెలుసు, తాళం తనంతట తాను వేగం అందుకుంటుంది. అన్న ఆ వేగానికి పడుతూ లేస్తూ ఉన్నాడు. యాభై దాటాక గెంతడం మానేశాడు. డెబ్బై దగ్గర ఒకసారి నా వైపు చూశాడు. నేను తల ఊపాను, ఇంకొన్నే అన్నట్టు. మొదలుపెట్టిన అష్టోత్తరం మధ్యలో ఆపడం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. సాధన మధ్యలో ఆగితే దోషం లేదని, చేసిన కొంచెమూ ఎక్కడికీ పోదని అదే సెల్లార్‌లో ఎన్నిసార్లు అర్థం చెప్పానో. ఆ సాయంత్రం నాకది గుర్తుకు రాలేదు.

డెబ్బై ఏడో నామానికి నేలకు ఆనినవాడు లేవలేదు.

చేతులు పటం వైపు చాచి ఉన్నాయి. ముఖం దుప్పటికి ఆనింది. భక్తితో అలా ఉండిపోయాడనుకున్నాను. అందరమూ అలాగే అనుకున్నాం. ముందు వరసలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు, పెద్దమ్మ చేతులు జోడించింది. నేను గొంతు ఇంకా పెంచి తరువాతి నామం చదివాను. నలభైమంది నమః అన్నారు. ఇంకొకటి చదివాను. మళ్ళీ నమః అన్నారు.

"ఆయన లేవట్లేదు," అంది వదిన. మైకులో నా గొంతు కింద ఆ మాట సరిగా వినబడలేదు. రెండోసారి కేక వేసింది. "ఆపండి! ఆయన లేవట్లేదు!"

వెల్లకిలా తిప్పితే పెదాలు నల్లబడి ఉన్నాయి. పక్కింటివాళ్ళ కారులో పటాన్‌చెరు తీసుకెళ్ళాం. లారీల మధ్య కారు ఆగినప్పుడల్లా ఆయన ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కాను. అదీ ఆ జవాను నేర్పిందే.

ఆసుపత్రిలో డాక్టరు, పడిపోయాక ఎంతసేపు వదిలేశారని అడిగాడు.

"రెండు నామాలు," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. ఇంకో లెక్క నా దగ్గర లేదు. లోపలికి వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు.

సోమవారం పదింటికి ప్లాంటు నుంచి ఫోను వచ్చింది. మెడికల్ లిస్టులో పేరుంది, మనిషి ఇంకా రాలేదేమని. నేను చెప్పాను. అవతల కాగితం తిప్పిన చప్పుడు. తరువాత, "అయితే పేరు కొట్టేస్తున్నాం," అన్నారు.

పలకరించడానికి వచ్చిన సత్సంగం వాళ్ళందరిదీ ఒకటే మాట. "నామం ఇనుకుంట స్వామి పాదాల కాడ పోయిండు. గిసొంటి సావు ఎందరికొస్తది బిడ్డా?" వదిన మూడు రోజులు విన్నది. నాలుగో రోజు పెద్దమ్మ మళ్ళీ అన్నప్పుడు తల ఎత్తింది.

"ఆయన మోక్షం అడగలేదమ్మా. సోమవారం మెట్లెక్కాలని మొక్కుకున్నాడు."

నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

పదో రోజు తరువాత, ఆ సాయంత్రాన్ని సత్సంగంలో కథగా చెప్పమని పెద్దలు అడిగారు, నలుగురికీ భక్తి కలుగుతుందని. చెప్పలేదు. స్వామి మీద నాకు కోపం లేదు. ఎప్పుడు ఆగాలో ఆయన గురువుగారి నోటా, జవాను నోటా నాకు ముందే చెప్పించాడు. వినకపోవడం నా వంతు. ఆ పాపానికి నలభైమందిని వాటాదార్లను చేసి, దానికి భక్తి అని పేరు పెట్టలేను.

పొద్దున్నే ఇప్పటికీ మేడ మీద బర్పీలు చేస్తాను, నా నామం నేనే చెప్పుకుంటూ. నాకూ వచ్చే నెల మెట్లున్నాయి. డెబ్బై ఆరు దాకా చేసి ట్యాంకు పక్కన కూర్చుంటాను. అంతకు మించి ఒక్కటీ చేయలేదు.

శనివారాలు నామాలు చదువుతాను గానీ మైకు పెట్టనివ్వను. ఎవరైనా పటం ముందు సాష్టాంగపడితే, వాళ్ళు లేచి ముఖం నాకు కనిపించేదాకా తరువాతి నామం చదవను. నడుం నొప్పివాళ్ళు లేవడానికి చాలాసేపు పడుతుంది. తాళాలు ఆగిపోతాయి. కొత్తగా చేరినవాళ్ళకు ఇది విసుగు. మొన్న ఒకాయన, ప్రసాదం చల్లారిపోతోందండీ అన్నాడు.

వదిన ఆ రోజు తరువాత సెల్లార్‌కు దిగడం అదే మొదటిసారి. వెనక వరసలో కూర్చుంది.

"చల్లారనివ్వండి," అంది.