టిచ్ బటన్ల ఫుసాయె

“ఇంట్లో కూర్చుని బటన్లు నొక్కడం కూడా ఒక పనేనా, వదినా?” అని ఫుసాయెను ఆడపడుచు మినెకో ఒకసారి అడిగింది. ఫుసాయె చేతి ప్రెస్సు మీద నుంచి తల ఎత్తలేదు.

“పని కాదులే. నీ మనవడి చొక్కాకి బటన్లు చెట్టునే కాశాయి,” అంది.

జపాన్‌లో, హిగాషి ఒసాకా ఊళ్లో మూడో అంతస్తు ఇల్లు వాళ్లది. పసిపిల్లల బట్టలకు టిచ్ బటన్లు బిగించడం ఫుసాయె పని. కజిమోతో అనే ఆసామి వర్క్‌షాపు నుంచి పెట్టెలు వస్తాయి, కిటికీ పక్క బల్ల మీద ప్రెస్సు టక్కుటక్కుమంటుంది, పని పూర్తయిన పెట్టెలు వెళ్లిపోతాయి. కూతురు కడుపులో ఉండగా మొదలుపెట్టింది. ఆ కూతురికి పెళ్లి కూడా అయింది. ఫుసాయెను త్యాగమూర్తిని చేయాలని ఎవరికైనా సరదా పుడితే మానుకోవచ్చు. పనిచేస్తుంటే వెనక పై అధికారి నిలబడి చూడడం ఆమెకు గిట్టదు. సాయంత్రం తన డబ్బుతో కొన్న బీరు తాగడం ఇష్టం. అంతే.

తర్వాత మహమ్మారి వచ్చింది. ఆమె భర్త తోమోహారును కంపెనీ ఇంటి నుంచే పనిచేయమంది. ఇది కొత్త యుగమని పత్రికలు రాశాయి. వీధికి నలుగురైదుగురు ఆడవాళ్లు ఏళ్ల తరబడి అదే చేస్తుంటే ఎవరికీ యుగం కనబడలేదు. మగవాడు ల్యాప్‌టాప్ తెరిచేసరికి కనబడింది.

తోమోహారు పైన కోటూ టై, కింద పైజమాతో కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఫుసాయె ప్రెస్సును బల్ల రెండో చివరికి జరుపుకుంది. మొదటి మీటింగులోనే మేనేజరు, ఆ చప్పుడేమిటని అడిగాడు.

“క్షమించండి సార్. పక్కింట్లో రిపేర్లు జరుగుతున్నాయి,” అని తోమోహారు తెర ముందు వంగాడు.

మీటింగు ముగిశాక భార్య వైపు తిరిగాడు. “ఫుసాయె, ఈ వారమంతా నాకు మీటింగులే. నీ పని కాస్త ఆపు.”

“శుక్రవారానికి మూడు పెట్టెలు ఇవ్వాలండీ. ఆలస్యమైతే కజిమోతో గారు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ మన గడప తొక్కరు.”

“పోతే పోయింది. నా జీతం లేదూ?”

“మీ జీతం మీకుంది. నా పని నాకుండాలి.”

“మేనేజరు ముందు నా పరువేం కాను?”

“పక్కింట్లో రిపేర్లన్నారుగా. మీకు మీటింగని పక్కింటివాళ్లు పని ఆపుకుంటారా?”

 మాటల్లో ఓడిన మనిషి చేసే పనే తోమోహారు చేశాడు: సాయంత్రం ప్రెస్సు ఎత్తి అలమరలో పెట్టేశాడు.

మర్నాడు ఉదయం ఆయన టై కట్టుకుంటుండగా గుమ్మం దగ్గర గంట మోగింది. తలుపు తీస్తే ఎదురుగా ఫుసాయె. మంచి బట్టలు, మొహానికి పౌడరు, చేతుల్లో తెల్ల కాగితం చుట్టిన కొత్త తువ్వాలు. అక్కడ ఇంటికి మరమ్మతులు మొదలుపెట్టేవాళ్లు, చప్పుడుకి ముందస్తు క్షమాపణగా ఇరుగుపొరుగుకు పట్టుకెళ్లేది అచ్చం అలాంటిదే.

“నమస్కారమండీ. ఇవాళ్టి నుంచి శుక్రవారం దాకా మా పని వల్ల చప్పుడవుతుంది. మీకు ఇబ్బందే. దయచేసి ఓర్చుకోండి,” అని నడుం వంచింది.

ఆ మాటలు వింటే అక్కడి మనిషి నడుం తనంతట తానే వంగుతుంది. తోమోహారుదీ వంగింది. రెండు చేతులూ ముందుకు చాచి తువ్వాలు అందుకున్నాడు. “అబ్బే, పర్వాలేదండీ. మీ పని మీరు కానివ్వండి,” అని నోరు అనేసింది. అన్నాక గాని, ఎవరితో అన్నాడో తెలిసిరాలేదు. తువ్వాలు పుచ్చుకున్నవాడికి ఇక చప్పుడు గురించి నోరెత్తే హక్కు లేదు.

“గడుసుదానివే,” అన్నాడు.

“తువ్వాలు మంచి రకమే కొన్నాను లెండి. చెమట బాగా పీలుస్తుంది.”

ఆమె ప్రెస్సు తెచ్చి కిటికీ పక్కన బిగించుకుంది. ఆయన ల్యాప్‌టాప్ పట్టుకుని పడకగదిలోకి, పరుపుల అలమర పక్కకి మారాడు. ఆ రిపేర్లు ఇంకా ఎన్నాళ్లని మేనేజరు అడిగితే, “పెద్ద పనే సార్. చాలా ఏళ్ల నుంచి జరుగుతోంది,” అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు పెట్టెలూ కిందికి దిగాయి. ఒకటి తోమోహారే మోశాడు. కజిమోతో వాటిని వ్యానులోకి ఎక్కించుకుని, ఇంకో నాలుగు దింపి వెళ్లాడు. డబ్బు ఎప్పటిలాగే వచ్చే నెలాఖరుకి. ఆ మూడు పెట్టెల తాలూకు పద్దెనిమిది వేల యెన్లు కజిమోతో ఇంకా ఇవ్వాలి.