మంథనిలో నేను శర్మనైన రోజులు

మూడు ఆవకాయ జాడీలు ఒక మనిషి గుట్టు రట్టు చేయగలవంటే మీరు నమ్మరు. వాటిని కౌగిలించుకుని నిలబడ్డవాణ్ణి కాబట్టి నేను నమ్మక తప్పదు.

గోదావరిఖనిలో మా నాన్న మల్లయ్య బొగ్గుబాయి కార్మికుడు. మా వైపు గనిని బాయి అంటారు. నాకేమో మంథనిలో ఒక బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. అద్దె గదికి వెళ్లిన ప్రతిచోటా ముందు కులం అడిగారు. మాది చెప్పగానే ఆ గది అంతకుముందే ఎవరికో ఇచ్చేసి ఉండేవారు! ఒళ్లు మండి, తర్వాతి గుమ్మం ముందు రాజేశం అనే నేను రాజేశ్వర శర్మనైపోయాను.

"నాయనగారు ఏం చేస్తరు?" అని అడిగింది ఇంటావిడ సుభద్రమ్మ.

"గుళ్లె పూజ, పెద్దమ్మా."

గదితోపాటు రెండు పూటలా భోజనమూ కుదిరింది. నుదుటిన విభూతి, నోట్లో పప్పు. మటన్ కల్లోకి వచ్చి పలకరించిపోయేది. "నీ గది సూడనీకి ఎప్పుడు రావాలెరా?" అని నాన్న ఫోను చేస్తే, "జర ఆగు నాయినా, బడిల పరీక్షలున్నయి" అనేవాణ్ణి. కన్నతండ్రిని దాచుకున్నానని సిగ్గేసేది. ముద్ద దిగేది కాదు. అయినా మారు వడ్డించుకునేవాణ్ణనుకోండి, అది వేరే సంగతి.

ఒక మధ్యాహ్నం భోంచేస్తుంటే పెరట్లో పిడుగు పడింది. ఇల్లదిరింది. మా కాలనీ పక్కన ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడల్లా ఇళ్లు ఇలాగే ఊగుతాయి. చప్పుడు వినగానే దగ్గరున్నవాళ్లు ఉరికి గిన్నెల అల్మారా పట్టుకోవాలి. ఊహ తెలిసినప్పటి నుంచి నా డ్యూటీ అదే. ఒక్క గెంతులో వెళ్లి పచ్చళ్ల అల్మారాను జాడీలతో సహా వాటేసుకున్నాను. మడి జాడీల మీద ఎంగిలి చెయ్యి!

గది పోయిందనుకుంటూ పక్కకు చూస్తే, అల్మారా రెండో కొసను సుభద్రమ్మ పట్టుకుని ఉంది.

"ఏ బాయి?" అంది గుసగుసగా.

"గోదావరిఖని, పెద్దమ్మా. మీది?"

"శ్రీరాంపూర్. మా నాయన బొగ్గు నింపెటోడు. మీ పెద్దయ్య నన్ను ఇష్టపడి చేసుకున్నడు. అత్తమ్మకేమో ధర్మపురి పంతులు బిడ్డనని చెప్పిండు. నీకు దండం పెడ్త, ఎవ్వరికి చెప్పకు!"

అంతలో వసారాలోంచి ఆ అత్తగారి గొంతు వినపడింది.

"ఏందే ఆ సప్పుడు?"

"ఏం లేదత్తమ్మా! శర్మగారు జాడీలకు దండం పెడ్తున్నరు."

"దండమా, అల్మారా పట్టుకున్నడా? కొత్తగ కాపురానికొచ్చినప్పుడు నువ్వు గట్లనే ఉరికేదానివి. గా అలవాటు యాడిదో నాకు ఎరుక లేదా? మంచిగ సంసారం చేస్తుంటివి, నేనెందుకు అడగాలె? ముందు గా పిల్లగాన్ని చెయ్యి కడుక్కొమ్మను. ఐతారం వాళ్ల నాయనను బువ్వకు పిలువు."

సుభద్రమ్మ అక్కడే కూలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను ఎంగిలి చేత్తోనే నాన్నకు ఫోను కలిపాను.

కాబట్టి సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. కులం అడిగే ఏ గుమ్మం ముందూ మళ్లీ శర్మగా నిలబడను. ఎంగిలి చేత్తో ఎవరి అల్మారా ముట్టను. మొదటిదానికి ప్రాణం అడ్డువేస్తాను. రెండోదానికి మాత్రం హామీ ఇవ్వలేను, ఉరిమితే నా చేతులు నా మాట వినవు.